ఆకుపచ్చ పుట కోసం
రాత్రి తిరుపతిలో మా మేడ మీద కూర్చుని ఒక గ్రాంటు ప్రతిపాదన చదివాను. స్కాన్ చేసిన పుస్తకాలను అక్షరాల్లోకి మార్చి ఉచితంగా చదివించే ఆన్‌లైన్ గ్రంథాలయం తెలుగు వికీసోర్సు. అందులో పనిచేసి చెదిరిపోయిన ఒక స్వచ్ఛంద బృందాన్ని మళ్లీ నిలబెట్టాలన్నది ప్రతిపాదన పంపినవారి కోరిక. ఖర్చులో పెద్ద భాగం ల్యాప్‌టాప్‌లకు, ప్రారంభ సభకు. అక్కడే ఆగిపోయాను. వికీసోర్సులో ఒకరు దిద్దిన పుట పసుపు రంగులోకి మారుతుంది. వేరొకరు మళ్లీ సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. ఆ రెండో మనిషి లేకపోతే ఎన్ని యంత్రాలు కొన్నా పుట పసుపులోనే ఉండిపోతుంది! కొత్తవారి పక్కన కూర్చుని నేర్పేదెవరో ఒక్క వాక్యమూ లేదు. అయినా తిరస్కరించమని రాయడానికి మనసొప్పలేదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా పెరిగింది జీతం అడగని చేతులతోనే. సభ ఖర్చు తగ్గించి, ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థులతో ప్రతి ఆదివారం దిద్దుబాటుకు కూర్చోమని, ఆరు నెలలకు ఎంతమంది మిగిలారో చెప్పమని రాశాను. మార్చిన ప్రతి కోసం ఎదురుచూస్తున్నాను.