రొటుమా భాషలో మాట చివర తారుమారు

పసిఫిక్ మహాసముద్రంలో, ఫిజీ ప్రధాన దీవులకు ఉత్తరాన విసిరేసినట్టుండే రొటుమా దీవి భాషను మాట్లాడేవారు కొన్ని వేలమందే అయినా, ఆస్ట్రొనేషియన్ కుటుంబంలో ధ్వనిశాస్త్రజ్ఞులు మళ్ళీమళ్ళీ చర్చించే భాషలలో అది ఒకటి.

అందులో హల్లులు 14. పరుషాలైన క, త, ప ఉన్నాయి గాని వాటికి జోడీ కావలసిన సరళాలు గ, ద, బ లేవు. ఖ, ఘ వంటి ఒత్తక్షరాల ఊసే లేదు. పదానికి రెండు రూపాలుంటాయి. మొదటిదైన పూర్ణరూపంలో అది మన తెలుగు పదంలాగే అజంతం, అంటే అచ్చుతో ముగుస్తుంది. విశేషమంతా రెండో రూపంలో, అంటే అపూర్ణరూపంలో ఉంది. పువ్వును చెప్పే ‘హొస’ అక్కడ చివరి రెండు ధ్వనులు తారుమారై ‘హొఅస్’ అవుతుంది, దానినీ ఒకే ఊపులో పలకాలి. అనుకరించడమనే అర్థమున్న ‘రకొ’ చివరి అచ్చును వదిలేసి ‘రక్’గా మిగులుతుంది. లాగడమనే అర్థమున్న ‘ఫుతి’లో మాత్రం చివరి ఇకారం పోతూ పోతూ ముందున్న ఉకారానికి తన రంగు అంటించి పోతుంది: పెదవులు ‘ఉ’కు చుట్టినట్టే ఉంచి, నాలుకను ‘ఇ’ స్థానానికి తెస్తే వచ్చే ఆ అచ్చును రాయడానికి మన లిపిలో అక్షరం లేదు. మూలంలో అయిదే అనదగిన అచ్చులు పలుకుబడిలో పది కావడానికి ఇటువంటి మార్పులే కారణం.

ఇలా ధ్వనులు చోటు మార్చుకోవడం, అంటే వర్ణవ్యత్యయం, మనకూ కొత్త కాదు. తమిళంలో ‘ఉరల్’, ‘ఇరండు’గా నిలిచిన మాటలు తెలుగులో ‘రోలు’, ‘రెండు’ అయ్యాయి. అయితే మనది మాట మొదట్లో జరిగిన మార్పు, ఎన్నడో జరిగి గడ్డకట్టిపోయింది. రొటుమా మనిషి మాత్రం నేటికీ ప్రతి వాక్యంలోనూ ఏ రూపం వాడాలో ఎంచుకుంటూనే ఉంటాడు.

1940లో ఈ భాషకు వ్యాకరణం ప్రకటించిన చర్చ్‌వర్డ్ ఆ ఎంపికకు అర్థభేదం ఉందని చూపాడు. ‘ఎప’ అంటే ఫలానా చాపలు, ‘ఎఅప్’ అంటే ఏవో కొన్ని చాపలు. ఈ తారుమారు ఏ సూత్రం ప్రకారం జరుగుతుందన్న దానిపైనే పండితుల వాదాలు ఎక్కువగా నడిచాయి గాని, నా దృష్టిలో అంతకన్నా ఆసక్తికరమైనది దాని ఉపయోగమే: మనం ‘ఆ’, ‘కొన్ని’ అని వేరే మాటలు తెచ్చుకుని చెప్పే తేడాను బహువచనంలో వారు పదాంతంలోని అచ్చుతోనే చెప్పేస్తారు.