రాయపురం మీదుగా వెళ్ళిన పిన్ని

ఆదివారం, రాత్రి పదిన్నర

పొద్దున్నే పాల పాకెట్ కత్తిరిస్తుంటే ఫోను మోగింది. పిన్ని.

"అమ్మాయ్, రాయపురం అని బోర్డు కనపడతా ఉంది. మీదేనా? దిగమంటావా?"

"ఆగిందా పిన్నీ?"

"ఎక్కడాగింది, మెల్లగా పోతా ఉంది."

"అయితే దిగొద్దు తల్లీ, నీకు దణ్ణం పెడతా. వచ్చి సీట్లో కూర్చో. ఎగ్మోర్‌లో ఆయన నిలబడి ఉంటారు."

పిన్నికి అరవై ఎనిమిదేళ్ళు. ఫోను పెట్టేశాక కూడా నాకు టెన్షన్ తగ్గలేదు. తలుపు దగ్గర నిలబడే మాట్లాడిందని గాలి చప్పుడును బట్టి తెలిసిపోతోంది.

ఆ బోర్డు దగ్గర్నుంచి మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. పిన్ని మాత్రం ఇంకో గంటంపావుకి వచ్చింది. బీచ్, ఫోర్ట్, పార్క్ స్టేషన్లు దాటి ఎగ్మోర్‌లో దిగి, మెట్లెక్కి, మెట్లు దిగి, ఆటో ఎక్కి, వచ్చిన వైపుకే వెనక్కి. గుమ్మంలోకి వస్తూనే కుశలం కూడా అడక్కుండా, "ఒంగోలు నుంచి టికెట్టు కంటే ఎగ్మోర్ నుంచి ఆటోకే ఎక్కువయింది. ఇదేం ఊరే?" అంది. మా ఆయన సంచి కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మద్రాసులో పుట్టి పెరిగినవాళ్ళు ఆటో మాట వస్తే ఇలాగే పక్కకి తప్పుకుంటారు.

ఇంకో నష్టం కూడా జరిగింది. ఆయన ఎగ్మోర్‌కి వెళ్ళడంతో కాశిమేడు హార్బర్‌కి వెళ్ళడం కుదరలేదు. కాబట్టి ఈ ఆదివారం వంజరం చేప లేదు. మావాడు సాంబారన్నం ముందు కూర్చుని ఆ బండి రాయపురంలో ఎందుకు ఆగదో రైల్వే మంత్రికి రాస్తానన్నాడు.

అసలు పిన్ని దిగుతాననడానికి కారణం ఉంది. ఒంగోలు ప్లాట్‌ఫామ్ మీద ఎప్పుడో ఒక ఇంజను మీద రాయపురం అని రాసి ఉండటం చూసిందట. బండి అక్కడికే పోతుంది కాబోలు అనుకుంది. అది ఇంజను షెడ్డు పేరు. ఇక్కడి ఎలక్ట్రిక్ లోకో షెడ్డు ఇంజన్లు ఆ పేరు ఒంటి మీద వేసుకుని దేశమంతా తిరుగుతాయి. విజయవాడ వంతెన మీద కనిపిస్తాయి, ఢిల్లీ దాకా పోతాయి. రాయపురం పేరు చూడని ఊరు లేదు, రాయపురంలో ఆగే ఎక్స్‌ప్రెస్ లేదు. మన సర్కార్, చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లు రెండూ ఈ స్టేషన్లోంచే వెళ్తాయి, ఆగకుండా.

మావాడు టిఫిన్ పళ్ళెం పక్కన పిన్నికి పాఠం చెప్పాడు. నీళ్ళ గ్లాసు రాయపురం, చట్నీ గిన్నె సెంట్రల్, మధ్యలో తినకుండా వదిలేసిన ఇడ్లీ ముక్క కొరుక్కుపేట. గూడూరు వైపు నుంచి వచ్చే లైను కొరుక్కుపేటలో రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే బేసిన్ బ్రిడ్జి, సెంట్రల్. నేరుగా వస్తే వాషర్‌మెన్‌పేట, రాయపురం, బీచ్. "బళ్ళన్నీ చట్నీ వైపు వెళ్ళిపోయాయి అమ్మమ్మా" అన్నాడు. రాయపురం కథలో సగం అదే.

మిగతా సగం నేను చెప్పాను. 1856లో సెంట్రల్ లేదు, ఎగ్మోర్ లేదు. మద్రాసులో రైలంటే ఇదొక్కటే. గవర్నరు లార్డ్ హారిస్ వచ్చి తెరిచాడు, జులై 1న జనం ఎక్కే బండి బయల్దేరింది. ఇక్కడి నుంచి వాలాజా రోడ్డు దాకా, సుమారు వంద కిలోమీటర్లు. దక్షిణాదిలో జనం ఎక్కిన మొదటి బండి అదే. దేశంలో అంతకుముందు 1853లో బొంబాయి-ఠాణా, 1854లో హౌరా నడిచాయి గానీ, ఆ మొదటి స్టేషన్లు ఇప్పుడు లేవు. బోరీబందర్ చోట పెద్ద విక్టోరియా టెర్మినస్ లేచింది, హౌరాలో పాత షెడ్లు తీసేసి కొత్తది కట్టారు. ఇంకా నిలబడి ఉన్న స్టేషను భవనాల్లో అన్నిటికంటే పాతది రాయపురమే. ఊరు దాన్ని మరిచిపోబట్టే అది మిగిలిందని నా అనుమానం. బళ్ళు పెరిగి ఉంటే దీన్నీ కొట్టేసి ఇంకో కోట కట్టేవాళ్ళు.

"ఇక్కడే ఎందుకు కట్టారు, ఇంత మూలకి?" అంది పిన్ని. అప్పట్లో ఇది మూల కాదు. వ్యాపారమంతా బ్లాక్ టౌన్‌లో, అంటే ఇప్పటి జార్జిటౌన్‌లో. దానికి ఆనుకుని ఇది, పక్కనే సముద్రం. సరుకు ఎక్కడుంటే బండి అక్కడికొస్తుంది. 1873లో సెంట్రల్ వచ్చింది. 1907 నాటికి పెద్ద బళ్ళన్నీ అటు తిరిగాయి. 1922లో సెంట్రల్ పక్కన రాతి మేడ లేచి, రైలు కంపెనీ పెద్ద ఆఫీసు అందులో కూర్చుంది. ఇక ఇక్కడ మిగిలినవి గూడ్సు, షెడ్డు, లోకల్ బళ్ళు.

మా మామగారి నాన్నగారు ఆ గూడ్సు షెడ్డులో గుమాస్తా. ఆయన కొలువంతా ఎం అండ్ ఎస్ ఎం, అంటే మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైలు కంపెనీ కాలం. గుంటూరు మిరప బస్తాలు దిగిన రోజు తుమ్ముకుంటూ ఇంటికొచ్చేవారట, ఆ తుమ్ముల్ని బట్టే మామ్మగారు వీధి చివర్నుంచే గుర్తుపట్టి కాఫీ పొయ్యి మీద పెట్టేవారట. ఆ కథ మా ఇంట్లో వెయ్యిసార్లు చెప్పుకున్నాం. పిన్ని వెయ్యిన్నొకటో సారి విని, "మీవాళ్ళు రైలు పుణ్యమా అని వచ్చి ఇక్కడ పడ్డారన్నమాట" అంది. నిజానికి ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు రైలు కంటే ముందునుంచే ఉన్నారు. టి.నగర్‌కి ఎవరి పేరు పెట్టారో ఆ పిట్టి త్యాగరాయ చెట్టిగారు దేవాంగుల ఇంట 1852లో పుట్టారు. మొదటి బండి కూత వేసినప్పుడు నాలుగేళ్ళవాడన్నమాట. ఇప్పుడు పాత వాషర్‌మెన్‌పేటలో ఆయన కాలేజీ పేరుతో మెట్రో స్టేషనే ఉంది.

రాయపురం అంటే రాయలవారి పురం అనుకుంది పిన్ని, మనవాళ్ళు చాలామంది అలాగే అనుకుంటారు. కాదు. రాయప్పర్ అంటే తమిళంలో సెయింట్ పీటర్. పడవలవాళ్ళు కట్టుకున్న ఆయన చర్చి ఇక్కడే ఉంది. పక్క వీధుల్లో పార్శీల అగ్ని గుడి కూడా ఉంది. ఇవన్నీ చెబుతుంటే పిన్ని కునికిపాట్లు పడింది.

సాయంత్రం ఎండ తగ్గాక నలుగురం స్టేషనుకి నడిచాం. బీచ్‌కి ఐదు రూపాయల టికెట్లు నాలుగు తీసుకున్నాం, ప్లాట్‌ఫామ్ మీద దర్జాగా నిలబడటానికి. ఎర్ర గోడలు, తెల్ల స్తంభాలు. పిన్ని ఒక స్తంభం మీద అరచెయ్యి ఆనించి పైదాకా చూసింది. "మా ఊళ్ళో చెట్టిగారి మేడకి ఇలాంటివే ఉండేవి, ఇంత లావు కాదు" అంది. బాగా పాడైపోయి ఉంటే 2005లో బాగుచేశారు. అప్పుడు నేను కొత్త కోడల్ని. మామగారు నన్ను తీసుకొచ్చి చూపించారు, రంగు వాసన ఇంకా పోలేదు. "రంగు వేశారు, బండి ఏదమ్మా?" అన్నారు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. రంగు ఇంకోసారి వేసినట్టున్నారు.

ఇక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నది ఒక్కటే, రాయపురాన్ని టెర్మినల్ చెయ్యమని. సెంట్రల్, ఎగ్మోర్ కిక్కిరిసిపోయాయి, ఇక్కడ స్థలముంది కదా అని. మూడో టెర్మినల్ తాంబరం అయింది. ఇప్పుడు నాలుగోది పెరంబూరు అంటున్నారు. ఎప్పుడు ఆ వార్త వచ్చినా మా వీధిలో ఒకటే చర్చ. మా ఆయన టెర్మినల్ పార్టీ. ఆయన తాతగారి షెడ్డు కదా మరి. నాకు మాత్రం ఈ ఇరుకు వీధులూ, హార్బరు కంటైనర్ లారీలూ తలుచుకుంటే ఇరవై బోగీల జనం ఇక్కడ దిగి ఎటు పోతారా అనిపిస్తుంది. అలాగని దీన్ని ఫొటోలు దిగే చోటుగా మార్చి, ఏసీ పెట్టి, నూటయాభై రూపాయల కాఫీ అమ్మినా నాకు ఒళ్ళు మండుతుంది. నేనడిగేది చాలా చిన్నది. ఎలాగూ ఇందులోంచే వెళ్తున్న ఆ రెండు బళ్ళూ రెండేసి నిమిషాలు ఆగాలి. రెండు నిమిషాల్లో పిన్ని దిగుతుంది, సంచి కూడా దిగుతుంది.

"ప్లాట్‌ఫామ్ చాలదు, వెనక లోకల్స్ నిలిచిపోతాయి, ప్రతి పేటలో ఆపుతూ పోతే ఎక్స్‌ప్రెస్ ఎందుకవుతుంది" అన్నారు ఆయన. ఈయనే టెర్మినల్ కావాలంటారు. రెండు నిమిషాలు కుదరనిచోట టెర్మినల్ ఎలా కుదురుతుందో అడిగాను. జవాబు రాలేదు.

పెద్ద హాలు తలుపు మూసి ఉంది. సందులోంచి చూస్తే లోపల చీకటి, ఎత్తయిన కప్పు. ఒక లోకల్ వచ్చి ఆగింది. పది పదిహేనుమంది దిగారు. చేపల బుట్టలతో ముగ్గురు ఆడవాళ్ళు, స్కూలు బ్యాగుతో ఆదివారం ట్యూషన్ పిల్లాడు, హార్బరు ఐడీ కార్డు మెళ్ళో వేసుకున్న కుర్రాళ్ళు. ఆ స్తంభాల వంక ఒక్కరూ చూడలేదు. నేనూ రోజూ చూడను కదా, ప్యారిస్ కార్నర్ వెళ్ళడానికి బస్సే ఎక్కుతాను.

పిన్ని టికెట్ కౌంటర్ దగ్గరికి వెళ్ళి, "బాబూ, వాలాజా రోడ్డుకి ఇక్కడ్నుంచి బండి ఉందా?" అని తెలుగులోనే అడిగింది. ఆ అబ్బాయికి తెలుగు రాదు, ఊరి పేరు అర్థమయింది. "అరక్కోణం మారణుం పాట్టీ" అన్నాడు. మొదటి బండి ఏకబిగిన పోయిన దారిలో ఇప్పుడు మారాలట. పిన్నికి ఇది తెగ నచ్చింది. ఇంటికొచ్చేదాకా రెండుసార్లు చెప్పుకుని నవ్వింది.

చీకటి పడబోతుంటే మావాడు "వస్తోంది" అని అరిచాడు. బీచ్ వైపు నుంచి వెలుగు. చార్మినార్. వేగమేం లేదు, కిటికీల్లో మనుషులు స్పష్టంగా కనిపిస్తున్నారు. ఒకావిడ చంటిపిల్లకి అన్నం పెడుతోంది, ఒకాయన పై బెర్తు మీదికి ఎక్కుతున్నాడు. పిన్ని బోగీలు లెక్కపెట్టింది. చివరి బోగీ దాటాక మా ఆయన్ని అడిగింది:

"బుధవారం నేను ఎక్కేది ఇదే కదా అల్లుడూ? ఇంట్లోంచి ఎన్నింటికి కదలాలి?"

"నాలుగున్నరకి బయల్దేరితే మంచిది అత్తయ్యగారూ. ట్రాఫిక్ కదా."

పిన్ని వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

"అంటే నాలుగున్నరకి బయల్దేరితే, ఆరున్నర దాటాక మళ్ళీ మీ ఇంటి ముందుకే వస్తాను." నా వైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ పెరుగన్నం అప్పటికే కలుపు. వేడిగా కిటికీలోంచి అందుకుంటాను, ఎలాగూ మెల్లగా పోతుంది కదా."