నాన్నగారి చేతులు, అమ్మ కాళ్లు

నాలుగు నెలలుగా రాత్రి పదిన్నరకు పడుకుంటే తెల్లవారుజామున ఐదింటికి లేస్తున్నాను. మధ్యలో మెలకువ వచ్చినా మళ్లీ నిద్ర పడుతోంది. పదకొండేళ్ల తర్వాత ఈ మాట రాయగలుగుతున్నాను. భయం తగ్గింది కాబట్టి, కొందరికి చెప్పుకోవాల్సిన కృతజ్ఞతలు, కొందరి మీద ఇంకా పోని కోపం ఇక్కడే చెప్పేస్తాను.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారు ఊళ్లో రామాలయం అర్చకులు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాకు నలభై నిండిన ఏడాది మొదలైంది ఈ కాళ్ల బాధ. నొప్పి అనలేను, తిమ్మిరీ కాదు. పిక్కల లోపల, ఎముకకి ఆనుకుని ఏదో పాకుతున్నట్టు, ఎవరో లోపల్నించి పీకుతున్నట్టు ఉండేది. కాలు కదిపితే పోతుంది. లేచి నాలుగడుగులు వేస్తే హాయి. మళ్లీ నడుం వాలిస్తే మళ్లీ మొదలు. పగలు ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పినా ఏమీ ఉండదు. సాయంత్రం ఏడు దాటి కాస్త కూర్చుంటే చాలు, వచ్చేసేది. పెళ్లిళ్లకి రాత్రి బస్సులో వెళ్లడం మానేశాను. సినిమా హాల్లో కూర్చోవడం మానేశాను.

మొదట చూపించుకున్న ఫిజీషియన్ అంతా విని, కాగితం మీంచి తలెత్తకుండానే అన్నారు: "పగలంతా తోచక కూర్చుంటే రాత్రికి కాళ్లే గుర్తొస్తాయమ్మా. ఏదైనా వ్యాపకం పెట్టుకోండి." నేను బడి నుంచి నేరుగా వెళ్లాను. నా వేళ్లకి ఇంకా సుద్దపొడి అంటుకుని ఉంది. మావారు పక్కనే ఉండి ఒక్క మాట అనలేదు. డాక్టర్ మాట ఎప్పుడో మర్చిపోయేదాన్నేమో, ఆయన మౌనం మాత్రం చాలా కాలం గుచ్చుకుంది.

ఆ తర్వాత చేయించని పరీక్ష లేదు. డాప్లర్, నరాల పరీక్ష, వెన్నుపూస ఎంఆర్ఐ, బి12, విటమిన్ డి. అన్నీ నార్మల్. హిమోగ్లోబిన్ 11.8 ఉంటే "రక్తం పర్వాలేదు" అన్నారు. ఆ "పర్వాలేదు" నన్ను ఎన్నేళ్లు వెనక్కి లాగిందో తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. మూడేళ్ల క్రితం వానాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుని నర్సింగ్ హోమ్‌లో చేరాను. సెలైన్ పెట్టారు, వాంతులు ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. వాంతులు ఆగాయి. అరగంట తిరక్కుండా కాళ్లు మొదలుపెట్టాయి. అంతకు ముందెప్పుడూ అంత ఉధృతంగా రాలేదు. తొడల దాకా, తర్వాత భుజాల దాకా పాకింది. మంచం మీద ఒక్క నిమిషం ఉండలేకపోయాను. సెలైన్ స్టాండు ఈడ్చుకుంటూ వరండాలో నడవడం మొదలుపెట్టాను. నర్సు కసురుకుంది. డ్యూటీ డాక్టర్ వచ్చి, టెన్షన్‌కి ఇలా చేస్తున్నారని నిద్ర పట్టడానికి ఎవిల్ ఇంజెక్షన్ రాశాడు. అది పడ్డాక కళ్లు మూతలు పడుతున్నాయి, కాళ్లు మాత్రం నిలవనివ్వడం లేదు. నిద్రలో తూలుతూ నడిచాను. వరండా చివర మూడో అంతస్తు కిటికీ తెరిచి ఉంది. దాని దాకా వెళ్లి వెనక్కి తిరగాలి. రెండున్నర, మూడు మధ్య ఆ కిటికీ అంటే నాకు భయమేసింది. అటు వెళ్లడం మానేసి సగం వరండాలోనే తిరిగాను.

అప్పుడు వచ్చింది ఆయమ్మ. నేల తుడిచే బకెట్ పక్కన పెట్టి, నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, చన్నీళ్లలో గుడ్డ ముంచి రెండు పిక్కలకీ గట్టిగా బిగించి కట్టింది. అరచేత్తో కిందికీ పైకీ రుద్దుతూనే ఉంది. "మా అత్తకీ ఇంతేనమ్మా. పిచ్చి కాదు, భయపడమాక" అంది. ఆ రాత్రి అక్కడున్న అంత మందిలో నా జబ్బు గుర్తుపట్టింది ఆవిడొక్కతే. తర్వాత చీర పట్టుకుని వెళితే పని మానేసి వెళ్లిపోయిందన్నారు. ఆ చీర ఇంకా బీరువాలోనే ఉంది.

వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ మెదడులో కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుందనీ, ఈ జబ్బున్నవాళ్లకి అది ఇవ్వకూడదనీ, ఎవిల్ లాంటి నిద్రమత్తు ఎలర్జీ మందులూ కాళ్ల బాధ పెంచుతాయనీ గుంటూరులో న్యూరాలజిస్టు చెప్పేదాకా నాకు తెలియదు. చిన్న వయసావిడ. నా మాట మధ్యలో ఆపకుండా విని, "రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు దీన్ని. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" అని అడిగారు.

ఆ ప్రశ్న అంతకుముందు ఏ డాక్టరూ అడగలేదు. అడగ్గానే అమ్మ కళ్ల ముందుకొచ్చింది. రాత్రిళ్లు తువ్వాలు తడిపి కాళ్లకి బిగించి కట్టుకుని, వాకిట్లో తులసికోట చుట్టూ తిరుగుతూ ఉండేది. అవి ప్రదక్షిణలని నా చిన్నప్పుడు అనుకునేదాన్ని. నానమ్మ "కుదురులేని మనిషి" అనేది. నన్నూ అన్నయ్యనీ పిలిచి పిక్కల మీద ఎక్కి నిలబడమనేది అమ్మ. ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఏడ్చేశాను.

డాక్టరుగారు కాసేపు ఆగి కాగితం, పెన్ను ఇచ్చి సుడి గీయమన్నారు. లోపల్నించి బయటికి గీస్తుంటే గీత అలలు అలలుగా వచ్చింది. నా చేతులు రెండేళ్లుగా వణుకుతున్నాయి, బోర్డు మీద వృత్తం గీయడానికి ఇబ్బందిగా ఉంటోంది, కాఫీ కప్పు నిండా పోసుకోను. దాన్ని నిద్రలేమి ఖాతాలో వేసుకున్నాను. "ఒళ్లో పెట్టుకున్నప్పుడు కదలట్లేదు, పని చేస్తుంటేనే వణుకుతున్నాయి. ఇది పార్కిన్సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్. ఇది ఎవరి నుంచి?" అన్నారు.

నాన్నగారి నుంచి. ఉద్ధరిణితో తీర్థం ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి వణికేది. పంచపాత్ర అంచుకి ఉద్ధరిణి తగిలి టకటకమని చప్పుడయ్యేది. ఒక శ్రీరామనవమి నాడు ఊరి పెద్ద ఒకాయన అందరి ముందూ "రాత్రి ఎక్కువైందా పంతులుగారూ, చెయ్యి ఆగట్లేదే" అన్నాడు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. మారు మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని తీర్థం ఇచ్చేవారు. పోయేదాకా అంతే. ఆ పెద్దమనిషి ఇప్పుడు లేడు, కానీ ఆయన్ని నేను క్షమించలేదు.

రెండూ ఒకే చోటు నుంచి వచ్చాయా అని డాక్టరుగారిని అడిగాను. వేర్వేరు జబ్బులే అన్నారు. రెండూ ఉన్నవాళ్లు కనపడుతున్నా, రెంటికీ ఉమ్మడి జన్యువు ఫలానా అని తేలలేదట. నాకు తల్లివైపు నుంచి ఒకటి, తండ్రివైపు నుంచి ఒకటి వచ్చినట్టుంది. తర్వాత నేనే కూర్చుని చదివాను. కాళ్ల బాధని థామస్ విల్లిస్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1672లోనే రాశాడు. 1945లో స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ ఇప్పుడు వాడుతున్న పేరు పెట్టాడు. అంటే అమ్మ తులసికోట చుట్టూ తిరుగుతున్న రోజులకే దీనికి పేరుంది. 2007లో ఎంఈఐఎస్1, బీటీబీడీ9 అనే జన్యువులు బయటపడ్డాయి. రెండోదానిలో తేడా ఉన్నవాళ్ల ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువగా ఉంటున్నాయని ఐస్‌లాండ్ పరిశోధకులు అదే ఏడాది చూపించారు. 2024 నాటికి మన జన్యువుల్లో ఈ జబ్బుతో ముడిపడ్డ చోట్లు 164 లెక్క తేలాయి. ఏ ఒక్కటీ జబ్బు తెచ్చేయదు, ఒక్కోటి కాస్త కాస్త తోస్తుంది. లెక్కల టీచర్ని కాబట్టి ఈ మాట నాకు బాగా అర్థమైంది. వణుకు విషయం ఇంకా చిక్కుగా ఉంది. కుటుంబాల్లో తరంతరంగా నడుస్తుంది, పిల్లలకి సగం అవకాశం అన్నట్టు కనిపిస్తుంది, అయినా అందరికీ వర్తించే ఒక్క జన్యువు దొరకలేదు.

డాక్టరుగారు జన్యు పరీక్ష రాయలేదు. 'దానివల్ల వైద్యం మారదు, డబ్బు దండగ' అని ఫెర్రిటిన్ రాశారు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష. 14 వచ్చింది. ఈ జబ్బున్నవాళ్లకి కనీసం 75 దాటాలట. మెదడులో డోపమైన్ తయారవడానికి ఇనుము కావాలి, హిమోగ్లోబిన్ బాగున్నా నిల్వ ఖాళీ కావచ్చు. నెలసరిలో పదేళ్లుగా రక్తం ఎక్కువగా పోతోందని చెబుతూనే ఉన్నాను, ఎవరూ దాన్నీ కాళ్ల బాధనీ కలిపి చూడలేదు. ఇనుము సెలైన్‌లో రెండుసార్లు ఎక్కించారు. కాళ్లకి సాయంత్రం గాబాపెంటిన్ మాత్ర, చేతుల వణుక్కి ప్రొప్రనలాల్ మాత్ర. ఆరు వారాలకి తేడా తెలిసింది. పూర్తిగా పోలేదు, పోదని కూడా చెప్పారు. నెలలో నాలుగైదు రాత్రులు లేచి నడుస్తాను. ఇప్పుడు మావారూ లేస్తారు. ఏమీ అనరు, వేణ్నీళ్లు పెట్టి తెస్తారు. ఆయన మౌనం మీద కోపం ఆ వేణ్నీళ్లతోనే కొంచెం కొంచెం పోతోంది.

కాళ్లు ఇలా పీకే వాళ్లుంటే దయచేసి ఫెర్రిటిన్ అడిగి చేయించుకోండి, హిమోగ్లోబిన్ చూసి ఊరుకోవద్దు. ఇనుము మాత్రలు మీ అంతట మీరు వేసుకోకండి, ఎక్కువైనా ప్రమాదమే. ఆసుపత్రిలో చేరితే ఫలానా జబ్బుందని ముందే చెప్పండి. నేనైతే కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. మా అమ్మాయి "నాకూ వస్తుందా అమ్మా?" అని అడిగింది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాను. వస్తే నీకు పేరు తెలుసు, పిచ్చి అనుకోవు అన్నాను. రాముడి మీద భారం వేశాను.

ఇప్పుడు ఆ గుళ్లో అర్చకత్వం అన్నయ్యది. ఆయన చెయ్యి కూడా వణకడం మొదలైంది, ఆ సంగతి దాచిపెట్టి గుడి వదిలేద్దామనుకున్నాడు. నేనే వెంటబెట్టుకుని అదే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఉబ్బసం ఉంది కాబట్టి ప్రొప్రనలాల్ పనికిరాదని వేరే మందు ఇచ్చారు. మొన్న శ్రీరామనవమికి వరసలో నా ముందున్న కుర్రాడు అన్నయ్య చేతివైపే చూస్తుంటే, అన్నయ్య నవ్వి "మా నాన్నగారి చెయ్యి బాబూ ఇది, వంశంలో ఉంది" అన్నాడు. తర్వాత వంతు నాది. ఆయన చెయ్యి వణుకుతోంది, కింద పట్టిన నా చెయ్యీ వణుకుతోంది. ఉద్ధరిణి పంచపాత్రకి తగిలి అదే చప్పుడైంది. తీర్థం మూడుసార్లూ నా అరచేతిలోనే పడింది.