ఎస్‌డీబీ అన్నది పేరు కాదు, వరుస

మొన్న ఇంటి కంప్యూటర్లో పాత హార్డ్ డిస్కు పక్కన కొత్తది బిగించి స్విచ్చి వేస్తే, లినక్స్ దేనికోసమో ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, చివరకు ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లి నల్లటి తెర మీద రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ అడిగింది. తప్పు నాదే. ఫొటోలు దాచుకునే ఆ పాత డిస్కును, ఏ డిస్కును ఏ ఫోల్డరుకు తగిలించాలో (మౌంట్ చేయాలో) చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఎస్‌డీబీ1, అంటే ఎస్‌డీబీ డిస్కులోని మొదటి పార్టిషన్ (భాగం), అని రాసి ఊరుకున్నాను.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి డిస్కులకు శాశ్వతంగా పెట్టిన పేర్లు కావు. బస్సు ముందెక్కినవారికి కిటికీ సీటు దక్కినట్టు, లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ ముందు గుర్తించిన డిస్కుకు ముందు అక్షరం దక్కుతుంది. కొత్త డిస్కు బీ అక్షరాన్ని తన్నుకుపోవడంతో పాతది సీ అయింది. కొత్తదానిలో ఇంకా పార్టిషన్లే చేయలేదు కనుక, లేని ఎస్‌డీబీ1 కోసం, బూట్ పనులు నడిపే సిస్టమ్‌డీ తన మామూలు గడువైన 90 సెకన్లూ కాచుకుని కూర్చుంది.

డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఇస్తే రెండూ 931.5జీ అనే చూపించాయి, ఏది ఏదో సైజును బట్టి తేలలేదు. (తయారీదారు 1 టీబీని వెయ్యితో లెక్కగడతాడు, ఈ కమాండ్ 1,024తో, డిస్కులో తరుగేమీ లేదు.) అదే కమాండ్‌కు హైఫన్ ఎఫ్ చేరిస్తే ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి), లేబుల్, యూయూఐడీ (దానికే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య) కనిపిస్తాయి. లినక్స్‌లో మామూలుగా వాడే ఈక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌కు హైఫన్లతో కలిపి 36 అక్షరాలుండే ఈ యూయూఐడీ ఫైల్ సిస్టమ్‌లోనే రాసి ఉంటుంది కాబట్టి, కేబుల్ ఏ పోర్టుకు మార్చినా మారదు. ఫార్మాట్ చేస్తే మాత్రం మారుతుంది.

ఎస్‌డీబీ1 తీసేసి యూయూఐడీ రాశాను, పక్కన నోఫెయిల్ అనే ఆప్షన్ చేర్చాను. రీబూట్ చేసే ముందు ఎఫ్‌స్టాబ్‌ను తనిఖీ చేసేలా ఫైండ్‌మౌంట్ కమాండ్‌ను వెరిఫై ఆప్షన్‌తో నడిపి, ఆపైన అందులోని డిస్కులను మౌంట్ చేసే మౌంట్ హైఫన్ ఏ కమాండ్ ఇచ్చి చూసుకుంటే, తప్పులుంటే అక్కడే బయటపడతాయి.

నోఫెయిల్‌తో ఒక చిక్కుంది. డిస్కు మౌంట్ కాకపోయినా సిస్టమ్ హాయిగా లేస్తుంది. మీరు కాపీ చేసిన ఫొటోలు రూట్ డిస్కులోని ఖాళీ ఫోల్డరులోకి చప్పుడు లేకుండా చేరతాయి, తర్వాత డిస్కు మౌంట్ అయ్యాక దాని వెనుక కనపడకుండా పోతాయి. అందుకే డిస్కును అన్‌మౌంట్ చేసి, ఆ ఖాళీ ఫోల్డరుకు సీహెచ్‌ఏటీటీఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ (మార్చడానికి వీల్లేదనే గుర్తు) పెట్టాను. ఇప్పుడు డిస్కు లేనప్పుడు అందులో ఏమైనా రాయడం రూట్‌కు కూడా కుదరదు.