దిర్హమ్ రేటు, గుంటూరు వడ్డీ

గుంటూరు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా మా బాబాయ్ మొదట అనే మాట, "నీకేంరా అబ్బాయ్, డాలరు పెరిగింది, నీకు పండగే!" ఆయనొక్కడే కాదు. రూపాయి పడిందని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, బ్రాడీపేటలో మా బంధువులందరి లెక్కలో దుబాయ్‌లో ఉన్న నాకు ఆ రోజు బోనస్ పడినట్టే. కాదని అనలేను, పూర్తిగా అవుననీ అనలేను. ఇక్కడ కంపెనీలో జీతాల లెక్కలు చూసేది నేనే, అక్కడ మా ఇంటి అప్పులూ వాయిదాలూ చూసుకునేదీ నేనే. రేటు ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో ఎక్కడ లాక్కుంటుందో రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

మాది బిల్డింగులు కట్టే కంపెనీ. 2009లో వచ్చిన పద్ధతి ప్రకారం ఇక్కడ జీతాలు బ్యాంకు ద్వారానే పడాలి. పడిన రోజు సాయంత్రం క్యాంపు బస్సు దిగినవాడు దిగినట్టే ఊరికి డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ దగ్గర లైన్లో నిలబడతాడు. బీహార్ తాపీ మేస్త్రీ, పెషావర్ డ్రైవర్, బంగ్లాదేశ్ హెల్పర్, కైరో ఇంజనీరు, కడప ఫోర్‌మన్, అందరి చేతిలో ఫోను, అందరి నోటా ఒకటే ప్రశ్న: ఇవాళ రేటెంత? గూగుల్‌లో చూపించే రేటు వేరు, కౌంటర్లో ఇచ్చే రేటు వేరు. మధ్యలో ఆ పైసలు ఎవడు మింగుతున్నాడని కడపాయన ప్రతి నెలా ఒకసారి తిట్టాకగానీ డబ్బు పంపడు.

మా లైన్లో చాలామంది పట్టించుకోని సంగతేమిటంటే, దిర్హమ్ అసలు కదలదు. 1997 నుంచి డాలరుకి 3.6725 దిర్హమ్‌ల దగ్గర కట్టేసి ఉంచారు. దిర్హమ్ పెరిగిందని మేం చెప్పుకునేదంతా డాలరు ముందు రూపాయి తగ్గడమే. అమెరికాలో ఫెడరల్ రిజర్వ్ (మన రిజర్వ్ బ్యాంక్ లాంటిది) వడ్డీ పెంచితే ప్రపంచంలో డబ్బున్నవాళ్లందరికీ డాలర్లు దగ్గర పెట్టుకోవాలనిపిస్తుంది. మన షేర్లూ బాండ్లూ అమ్ముకుని రూపాయలు వదిలించుకుంటారు. ఆ సాయంత్రానికి మా లైన్లో ఉన్న మేస్త్రీకి దిర్హమ్‌కి ఓ పది పైసలు ఎక్కువొస్తాయి. అతనికి ఫెడరల్ రిజర్వ్ పేరు కూడా తెలియదు.

ఇది నాకు బాగా అర్థమైంది 2013లో. మే నెల మొదట్లో డాలరు 54 రూపాయల దగ్గర ఉంది. బాండ్లు కొనడం మెల్లగా తగ్గిస్తామని అమెరికా ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకే ఒక మాట అన్నాడు, అంతే. ఆగస్టు ఆఖరికి 68 దాటింది. మా భాషలో చెప్పాలంటే దిర్హమ్ పద్నాలుగున్నర పైనుంచి పద్దెనిమిదిన్నరకి వచ్చింది. రెండు వేల దిర్హమ్‌లు పంపేవాడికి మేలో ఇరవై తొమ్మిది వేల చిల్లర వస్తే, ఆగస్టులో ముప్ఫై ఏడు వేలు. ఎక్స్ఛేంజ్ ముందు జాతరే. ఇక్కడి బ్యాంకుల్లో పర్సనల్ లోన్ తీసి మరీ ఇండియాకి పంపి డిపాజిట్ వేసినవాళ్లున్నారు. ఇక్కడి వడ్డీ తక్కువ, అక్కడి వడ్డీ ఎక్కువ, పైగా రేటు కలిసొచ్చింది, ఇంకేం కావాలని వాళ్ల ధీమా.

అదే నెలల్లో గుంటూరులో మా బావ తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి పత్తిలోంచి గింజ తీసే చిన్న జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి కొనడానికి బ్యాంకులో సీసీ లిమిట్, అంటే కావలసినప్పుడు వాడుకుని తిరిగి కట్టే అప్పు, దాని మీదే బతుకు. ఆ జులై 15న రిజర్వ్ బ్యాంక్, బ్యాంకులు తన దగ్గర అత్యవసరంగా తీసుకునే అప్పు మీద వడ్డీని 8.25 శాతం నుంచి ఒక్క దెబ్బకి 10.25 చేసింది. రూపాయలు అమ్మి డాలర్లు కొనేవాళ్లు అప్పు తెచ్చి ఆ ఆట ఆడుతున్నారని, రూపాయి దొరకడం కష్టమైతే ఆట ఆగుతుందని దాని ఆలోచన. ఆలోచన సరైనదే. కానీ ముంబైలో డాలర్ల వ్యాపారికి పెట్టిన వాత గుంటూరు మిల్లు యజమానికీ తగిలింది. బ్యాంకు మేనేజరు లిమిట్ పెంచనన్నాడు, బయట వడ్డీ నూటికి రెండు రూపాయల నుంచి పైకి పాకింది. "రూపాయిని కాపాడటానికి నా ఇంట్లో రూపాయి లేకుండా చేశార్రా" అన్నాడు బావ. రిజర్వ్ బ్యాంక్ చేసింది ఇంతకన్నా తేలిగ్గా చెప్పిన వాళ్లని నేను చూడలేదు.

సెప్టెంబరు 4న రఘురామ్ రాజన్ గవర్నరుగా వచ్చారు. ప్రవాసులు విదేశీ డబ్బులో వేసే మూడేళ్ల డిపాజిట్ల మీద బ్యాంకులకి మారకం భయం లేకుండా, ఏడాదికి 3.5 శాతం ఖర్చుతో ఆ డాలర్లు తను తీసుకుంటానన్నారు. నవంబరు ఆఖరుకల్లా ఆ కిటికీలోంచి దాదాపు 2,600 కోట్ల డాలర్లు వచ్చాయి. రూపాయి నిలబడింది. అందులో మా మేస్త్రీల డబ్బు కన్నా పెద్ద పెద్ద డిపాజిటుదారుల డబ్బే ఎక్కువనుకోండి. అయినా రూపాయి దగ్గర పెట్టుకోవడానికి ఎవరికీ మనసొప్పనప్పుడు, వడ్డీ ఆశ చూపించి ఆ మనసుని వెనక్కి తేవాల్సి వచ్చిందన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

అలా మనసు విరిగిపోయిన డబ్బు ఎలా ఉంటుందో మా కైరో ఇంజనీరుని చూస్తే తెలుస్తుంది. 2016 నవంబరులో ఈజిప్టు తన పౌండుని బజారుకి వదిలేసినప్పుడు డాలరుకి తొమ్మిది లోపు ఉన్నది నెలల్లోనే పద్దెనిమిది దాటింది. 2024 మార్చిలో మళ్లీ అదే కథ, 31 నుంచి 50 దగ్గరికి. దానికి ముందు కొన్ని నెలలపాటు బ్యాంకులో 31 అయితే బయట బజార్లో అరవై పైమాటే. ఆ రోజుల్లో ఆయన ఎక్స్ఛేంజ్ గడప తొక్కలేదు. "ముప్ఫై ఒకటికి పంపితే మా అమ్మకి సగం డబ్బు పోగొట్టినట్టే" అనేవాడు. ఊరెళ్లేవాడి జేబులో డాలర్లు పెట్టి పంపేవాడు. అందరూ ఆయనలాగే చేసేసరికి ప్రభుత్వానికి డాలర్లు కరువయ్యాయి, కరువైన కొద్దీ పౌండు ఇంకా కుంగింది. మార్చిలో రెండు రేట్లూ ఒకటయ్యాక మళ్లీ లైన్లోకి వచ్చాడు. మా ఆఫీసులో లెబనాన్ మనిషి ఒకాయన ఉండేవాడు, ఆయన కథ ఇంకా ఘోరం. 1997 నుంచి డాలరుకి 1,507 దగ్గర కదలకుండా ఉన్న డబ్బు, 2019 తర్వాత కుప్పకూలింది. బ్యాంకులో సొంత డాలర్లు కూడా తీసుకోనివ్వలేదు. రూపాయి గురించి మేం గొణిగితే ఆయన నవ్వేవాడు.

ఇక్కడే ఒక పక్క కథ. 1966 దాకా ఈ దుబాయ్‌లో చెల్లింది మన రూపాయే. బంగారం దొంగరవాణాకి రూపాయలు ఇటు వచ్చేసి, వాటికి బదులు రిజర్వ్ బ్యాంక్ విదేశీ నిల్వలు ఇచ్చుకోవలసి రావడంతో, 1959లో గల్ఫ్‌కి ప్రత్యేకంగా వేరే రంగు నోట్లు అచ్చేశారు. 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం డాలరుకి 4.76గా ఉన్న రూపాయిని 7.50 చేసింది. ఇక్కడి షేక్‌లు అప్పుడే మన నోటు వదిలేశారు. దిర్హమ్ వచ్చింది 1973లో. పొరుగు దేశంవాళ్లు కూడా వాడుకున్న డబ్బు ఒక్క జూన్‌లో వాళ్లకి అక్కర్లేకుండా పోయింది.

మళ్లీ మా బాబాయ్ దగ్గరికొస్తాను. ఆయన కొడుకు డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. లోన్ శాంక్షన్ అయినప్పుడు డాలరు 83. సెమిస్టరు ఫీజు పదకొండు వేల డాలర్లు, అంటే తొమ్మిది లక్షల పదమూడు వేలు. 2025 ఆగస్టు ఆఖర్లో కట్టే వేళకి డాలరు 88. అదే ఫీజు తొమ్మిది లక్షల అరవై ఎనిమిది వేలైంది. యాభై ఐదు వేలు తేడా. బ్యాంకు లోను మాత్రం రూపాయల్లో గీసిన గీత, అది జరగదు. నా సంగతి చూస్తే, నెలకి నాలుగు వేల దిర్హమ్‌లు పంపుతాను. 83 నుంచి 88కి పెరిగినందుకు నాకు అదనంగా వచ్చేది నెలకి అయిదు వేల నాలుగొందలు, ఎక్స్ఛేంజ్ వాడు మింగింది పోను ఇంకొంచెం తక్కువే. ఒక సెమిస్టరు నెలలన్నీ కలిపినా ఇరవై ఏడు వేలు. అంటే మా ఉమ్మడి లెక్కలో పండగ నాకైతే, దాని ఖర్చు రెండింతలు బాబాయ్‌కి. ఈ లెక్క కాగితం మీద వేసి వాట్సాప్‌లో పంపాను. "ఆ తేడా నువ్వు సర్దు మరి" అని జవాబొచ్చింది.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు వీధికి నాలుగుంటాయి. డాలర్లు పంపేవాడూ డాలర్లు కొనేవాడూ ఒకే కుటుంబం. రిజర్వ్ బ్యాంక్ 2023-24 సర్వే ప్రకారం దేశానికి వచ్చే ప్రవాసుల డబ్బులో 27.7 శాతం అమెరికా నుంచి, 19.2 శాతం యూఏఈ నుంచి వస్తోంది. రాష్ట్రాల్లో కేరళకి 19.7, తెలంగాణకి 8.1, మన ఆంధ్రకి 4.4. మనవాళ్ల ఆర్భాటం చూసి నేను ఇంకా ఎక్కువ అనుకున్నాను.

వంటింటికొస్తే, దేశంలో వాడే వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే. పామాయిల్ ఇండోనేషియా, మలేషియాల నుంచి, సన్‌ఫ్లవర్ రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి. ముడిచమురులో నూటికి ఎనభై వంతులు పైనే దిగుమతి. పొలానికి వేసే ఎరువుల్లో పొటాష్ మొత్తం దిగుమతే. డీఏపీ బస్తా 1,350 దగ్గర ఆగిందంటే రూపాయి పడిన తేడా మాయమైందని కాదు, దాన్ని సబ్సిడీగా ప్రభుత్వం మోస్తోందని. నేను పంపే అయిదు వేల అదనంలో ఎంత కిరాణా కొట్లో ఎగిరిపోయిందో మా ఆవిడ అయితే పైసల్తో సహా చెప్పగలదు. నేను అడగను, అడిగితే ఆవిడ ఇంకా పంపమంటుంది.

మా వైపు వాళ్లకి ఇంకో అలవాటు: డబ్బుని డబ్బుగా ఉంచరు. చేతిలోకి వస్తే ప్లాటు, లేకపోతే బంగారం, రెండూ కాకపోతే వడ్డీకి. 2014లో అమరావతి ప్రకటించాక తుళ్లూరు చుట్టుపక్కల పొలాల్లోకి వెళ్లిన డాలర్లూ దిర్హమ్‌లూ ఎన్నో. రాజధాని మాట మారినప్పుడు ఆ డబ్బు ఏళ్ల తరబడి అక్కడే ఇరుక్కుంది. అంత డబ్బు భూమిలో ఉండి, మిర్చి సీజన్ వచ్చేసరికి ఊళ్లో నగదు ఉండదు. ఫిబ్రవరి నుంచి కోత కూలీలకి రోజు కూలి చేతికివ్వాలి, లారీ కిరాయి, యార్డులో హమాలీ, అన్నీ నోట్లే. పంటలూ పెళ్లిళ్లూ ఉండే నెలల్లో నగదు గిరాకీ పెరుగుతుందని రిజర్వ్ బ్యాంక్‌కీ తెలుసు, దానికి తగ్గట్టు సర్దుతుంది. కానీ అదే సమయంలో రూపాయిని నిలబెట్టడానికి డాలర్లు అమ్ముతూ ఉంటే, అమ్మిన ప్రతి డాలరుకీ అన్ని రూపాయలు వ్యవస్థలోంచి రిజర్వ్ బ్యాంక్ లోపలికి పోతాయి. అటు నుంచి ఖాళీ, ఇటు నుంచి గిరాకీ. మా ఊళ్లో ఆ నెలల్లో వడ్డీ ఎందుకు బిగుసుకుంటుందో యార్డులో కమీషన్ ఏజెంట్‌ని అడిగితే "సీజన్ సార్" అంటాడు. సగం నిజం.

రూపాయి పడితే ఎగుమతిదారుకి లాభం అని పుస్తకాల్లో ఉంటుంది. గుంటూరు తేజ రకం మిర్చి చైనాకీ థాయ్‌లాండ్‌కీ బంగ్లాదేశ్‌కీ శ్రీలంకకీ వెళ్తుంది కాబట్టి రైతుకి రేటు రావాలి. 2025 ఫిబ్రవరిలో డాలరు 87 దాటింది. అంటే రూపాయి అప్పటిదాకా ఎప్పుడూ లేనంత కిందికి పోయింది. అదే నెలలో, రెండేళ్ల కిందట క్వింటాలు ఇరవై వేలు దాటిన మిర్చి పదకొండు వేల దగ్గర కూలబడి, కేంద్రం జోక్యం చేసుకుని 11,781 అని ఒక ధర ప్రకటించాల్సి వచ్చింది. కొనేవాడి దగ్గర డాలర్లు ఉండాలి కదా. 2022లో శ్రీలంక రూపాయి కుప్పకూలినప్పుడు అక్కడి వ్యాపారికి డబ్బు కడతానని బ్యాంకు ఇచ్చే హామీ, అదే ఎల్‌సీ తెరిచే దిక్కే లేదు. బంగ్లాదేశ్‌లోనూ డాలర్ల కటకట. మన రూపాయి ఎంత చవకైతే మాత్రం ఏం లాభం, అవతలివాడి రూపాయి ఇంకా చవకైనప్పుడు. పైగా ముందు ఏడాది నిల్వలు కోల్డ్ స్టోరేజీల్లో అలాగే ఉన్నాయి.

మా తమ్ముడు ఆ మార్చిలో సగం మిర్చి టిక్కీలు (బస్తాలు) యార్డులో తెగనమ్మి, మిగతా సగం కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. "రేటొచ్చాక తీస్తానన్నా" అన్నాడు. నేనూ అప్పట్లో దిర్హమ్ ఇరవై నాలుగుకి వస్తుందని రెండు నెలల జీతం పంపకుండా ఇక్కడే ఉంచాను. వాడు అక్కడ బస్తాకి అద్దె కట్టాడు, నేను ఇంటి లోను వాయిదాకి మా ఆవిడ చేత నూటికి రెండు రూపాయల వడ్డీకి తెప్పించాను. దిర్హమ్ పది పైసలు పెరిగితే నా జీతం మీద వచ్చేది వందకి అర్ధ రూపాయి కూడా కాదు, వడ్డీ నెలకే రెండు. ఆగస్టులో తమ్ముడు కోల్డ్ స్టోరేజీ రసీదు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నాడు. అందులోంచి యాభై ఐదు వేలు బాబాయ్‌కి ఇచ్చాడు, డాలస్ ఫీజుకి. ఆ అప్పు మీద వడ్డీ ఎవరు కట్టాలన్నది ఇంకా తేలలేదు. డాలరు పెరిగినందుకు లాభపడింది నేనే కాబట్టి నేనే కట్టాలని బాబాయ్ వాదన.