శిఖరం ఒక వైపుకే ఎందుకు సాగుతుంది?

అతిశీతల వాయువుల్లో ఉష్ణోగ్రత పెరిగితే అనునాద శిఖరం (అయస్కాంత క్షేత్రాన్ని మారుస్తూ కొలిచినప్పుడు పరమాణువులు ఎక్కువగా నష్టపోయే చోటు) వెడల్పై మసకబారుతుందని నేను చాలాకాలం అనుకున్నాను. లిథియం-6 విషయంలో లెక్క వేసి చూసుకున్నాక అది సగం నిజమేనని తెలిసింది.

ఫెష్‌బాక్ అనునాదంలో ఢీకొంటున్న రెండు పరమాణువుల శక్తి, వేరే స్పిన్ అమరిక ఉన్న అణుస్థితి శక్తితో సమానమయ్యేలా అయస్కాంత క్షేత్రాన్ని సవరిస్తారు. ఎంఐటీలో కెటర్లీ బృందం 1998లో సోడియంలో దీన్ని గమనించింది. పాఠాల్లో ఢీకొనే శక్తిని సున్నాగా తీసుకుంటారు, కానీ వాయువుకు ఉష్ణోగ్రత ఉన్నంతవరకు అది సున్నా కాదు.

లిథియం-6లో 543 గాస్ (గాస్ అంటే అయస్కాంత క్షేత్రపు కొలమానం) దగ్గర దాదాపు 0.1 గాస్ వెడల్పుతో ఒక సన్నని అనునాదం ఉంది. అక్కడ అణుస్థితికీ విడి పరమాణువుల జంటకీ ఉన్న శక్తి భేదం గాస్‌కు 2.8 మెగాహెర్ట్జ్ చొప్పున మారుతుంది. 10 మైక్రోకెల్విన్ల ఉష్ణశక్తి సుమారు 208 కిలోహెర్ట్జ్‌కు సమానం కనుక, క్షేత్రం లెక్కలో అది 74 మిల్లీగాస్, అంటే అనునాదం వెడల్పుతో పోల్చదగినంత. అయితే గతిజశక్తి ఎప్పుడూ ధనాత్మకమే కాబట్టి, అణుస్థితి విడి పరమాణువుల కన్నా పైకి లేచే ఎక్కువ క్షేత్రం వైపునే వేడి పరమాణువులకు జత కుదురుతుంది. అందువల్ల క్షేత్రాన్ని బట్టి పరమాణువుల నష్టాన్ని చూపే రేఖ ఒక వైపు నిటారుగా నిలిచి, మరో వైపు తోకలా సాగుతుంది. దాని మధ్యబిందువునే అనునాద స్థానంగా రాసుకుంటే కొన్ని పదుల మిల్లీగాస్‌ల పొరపాటు తప్పదు. రెండు మూడు ఉష్ణోగ్రతల వద్ద కొలిచి, ఆ ఫలితాన్ని సున్నా ఉష్ణోగ్రత వైపు పొడిగించడమే నయం.

అదే మూలకంలో 832 గాస్ దగ్గరున్న విశాలమైన అనునాదానికి ఈ జరుగుదల లెక్కలోకే రాదు. అక్కడ ఉష్ణోగ్రత ప్రభావం వేరే రూపంలో కనిపిస్తుంది: పరిక్షేపణ దైర్ఘ్యం (పరమాణువుల మధ్య ప్రభావం ఎంత బలమైనదో చెప్పే కొలత) ఎంత పెరిగినా, ఢీకొనే అవకాశాన్ని తెలిపే మధ్యచ్ఛేదం పరమాణువుల తరంగదైర్ఘ్యపు వర్గాన్ని బట్టి వచ్చే హద్దు దాటదు. చల్లబరిచేకొద్దీ ఆ హద్దు పైకి జరుగుతుంది.

పరమాణువులు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఢీకొనే పి-తరంగ అనునాదాలది దీనికి విరుద్ధమైన నడక. ఆ తిరుగుడు వల్ల ఏర్పడే అపకేంద్ర అవరోధాన్ని దాటి లోపలికి చేరాలి కనుక, అనునాదానికి దూరంగా వాటి మధ్యచ్ఛేదం శక్తి తగ్గేకొద్దీ దాని వర్గానికి అనుపాతంగా పడిపోతుంది. పొటాషియం-40లో 198 గాస్ దగ్గరున్న జంట శిఖరాలను చల్లబరిస్తే అవి సన్నబడి విడివిడిగా కనిపిస్తాయి, కాకపోతే వాటిని పట్టుకోవడానికి క్షేత్రాన్ని మరింత చిన్న అడుగులతో మార్చుకుంటూ వెళ్ళాలి.