లాడ్‌బోరీ రింగు, అక్క గొడుగు

బల్లార్షా పోయింది అక్కను చూడటానికి. ముందే చెప్పకపోతే, గ్రహాంతరవాసుల కోసం మే నెలలో చంద్రపూర్ జిల్లాకు పోయిన మనిషి అనుకుంటారు. చివరికి పోయింది ఆ పనిమీదే అనుకోండి, కానీ ఆ పాపం బావది.

కాజీపేట నుంచి బల్లార్షా దాకా ప్రయాణం గురించి రాయడానికి ఏమీ లేదు. మీరంతా చేసిందే. మాకుడి దగ్గర ఫోన్‌కు మహారాష్ట్ర స్వాగతం, వార్ధా వంతెన మీద ఎవరో నదిలోకి రూపాయి బిళ్ళ విసరడం, అంతే. స్టేషన్ బయట ఆటోవాడు రెండు కిలోమీటర్లకు నూట యాభై అడిగాడు. మరాఠీలో అడిగాడు కదా అని నేను తెలుగులో గొణుక్కున్నాను. "ఎండ సూడున్రి సార్, ఊకెనే అడుగుతలేను" అన్నాడు. బొగ్గు గనులకూ పేపర్ మిల్లుకూ వచ్చి అక్కడే ఉండిపోయిన మనవాళ్ళు ఆ ఊళ్ళో ఎంతమందో. తెలుగులో తిట్టుకోవడానికి బల్లార్షా సరైన చోటు కాదు. నూట ఇరవైకి కుదిరింది.

మా బావ ముప్పై ఏళ్ళు భూమి కింద పనిచేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి ఆకాశం మీదికి మనసు మళ్ళింది. రాత్రి పదకొండు దాకా కూలర్ ముందు కూర్చుని ఫోన్‌లో వీడియోలు చూస్తాడు. అమెరికా అధ్యక్షుడు కెనడీని ఎవరు చంపారు, అదే అమెరికాలో రోస్వెల్ ఊరి దగ్గర ఏం పడింది, తాష్కెంట్‌లో శాస్త్రిగారికి ఏమైంది, అన్నీ ఒకే గొంతు చెబుతుంటుంది, వెనక ఒకే డప్పు. "ఆ ఫోన్ బంద్ జేస్తవా, కూలర్ల నీళ్ళు పోస్తవా" అని అక్క అడిగితే, నీళ్ళు పోస్తూనే వింటాడు.

అన్నం తింటుండగా లాడ్‌బోరీ మాట తీశాడు. 2022 ఏప్రిల్ 2. నాకు ఆ రోజు గుర్తుంది, శుభకృత్ ఉగాది. పొద్దున గుళ్ళో పంచాంగ శ్రవణం విన్నాం. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అన్నీ చెప్పారు, ఆకాశం నుంచి లోహం పడుతుందని మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రమే మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ ఆకాశంలో మండుతూ పోయిన గీతలను జనం ఫోన్లలో తీశారు. బావ వాళ్ళ జిల్లాలోనే, సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ ఊళ్ళో, దాదాపు మూడు మీటర్ల అడ్డుకొలత ఉన్న లోహపు రింగు పడింది. పోలీసులు దాన్ని స్టేషన్‌కు తెచ్చారు, తర్వాత ఇస్రో వాళ్ళు వచ్చి చూశారు. 2021 ఫిబ్రవరిలో చైనా పంపిన లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ తిరిగి వాతావరణంలో పడి ముక్కలైందని నిపుణులు అంచనా వేశారు. ఆ దశ అడ్డుకొలత కూడా మూడు మీటర్లే.

"మూడు మీటర్లు, గుండ్రంగ. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు బావ.

"మూత కూడా కావాలె బావా, అప్పుడు బాయి మీద పెట్టుకోవచ్చు."

అక్క నవ్వింది, బావ నవ్వలేదు. తెల్లారి ఆరింటికి లేపి గోందియా లైన్ బండి ఎక్కించాడు. అక్క తన నల్ల గొడుగు నా చేతిలో పెట్టి, "మూడు వందల యాభై పెట్టి కొన్న. పోగొట్టుకొస్తే ఇంట్లకు రానియ్య" అంది.

చాందా ఫోర్ట్ దాటాక అడవి మొదలైంది. అడవంటే పచ్చదనం ఊహించుకోకండి, మే నెలలో అక్కడ టేకు చెట్లు కరెంటు స్తంభాల్లా ఉంటాయి. కిటికీ ఊచ ముట్టుకుంటే చుర్రుమంటోంది. బావ చాలాసేపు నా ఒళ్ళోని గొడుగు వైపే చూసి, చివరికి అడిగాడు.

"కెనడీ దగ్గర గొడుగు పట్టుకున్నోడు తెలుసా నీకు?"

తెలుసు. 1963 నవంబర్ 22, డాలస్. వాన వెలిసి ఎండ కాస్తున్న మధ్యాహ్నం, పైకప్పు లేని కార్లో కెనడీ వస్తున్నాడు. రోడ్డు పక్కన ఒక్కడు మాత్రం నల్ల గొడుగు విప్పి నిలబడ్డాడు, సరిగ్గా ఆ చోటే కాల్పులు జరిగాయి. ఎండలో గొడుగెందుకు? కాల్చేవాడికి సైగ అని కొందరు, గొడుగులోంచే విషపు ముల్లు వదిలాడని ఇంకొందరు ఏళ్ళ తరబడి బొమ్మలు గీసి మరీ చెప్పారు.

తర్వాతి కథ నేనే చెప్పాను. పార్లమెంటు కమిటీ లాంటిదొకటి మళ్ళీ విచారణ పెట్టినప్పుడు, 1978 సెప్టెంబర్‌లో ఆ గొడుగు మనిషే వచ్చి వాంగ్మూలం ఇచ్చాడు. కెనడీ తండ్రి ఒకప్పుడు లండన్‌లో అమెరికా రాయబారి. హిట్లర్‌తో రాజీపడ్డ బ్రిటన్ ప్రధాని ఛాంబర్లేన్‌కు వత్తాసు పలికాడు. ఛాంబర్లేన్ చేతిలో ఎప్పుడూ గొడుగు ఉండేది. ఆ పాత సంగతి గుర్తుచేసి కొడుకును కాస్త ఉడికిద్దామని గొడుగు తెచ్చాడట! తప్పు సమయంలో, తప్పు చోట, తప్పు పని చేసినవాళ్ళకు గిన్నిస్ రికార్డు ఉంటే తనకే రావాలని కూడా అన్నాడు.

నేను గెలిచాననుకున్నాను. ఎదురుసీట్లో సంచి మీద తల పెట్టి పడుకున్న పెద్దాయన కూడా లేచి వింటున్నాడు. సిర్పూర్ ఆయనట, కూతురింటికి పోతున్నాడు.

"ఏ నెల అన్నవు?" అన్నాడు బావ.

"సెప్టెంబర్. 1978."

"అదే సెప్టెంబర్ల, లండన్ల, బల్గేరియా రచయిత మార్కోవ్‌ను ఏంతోని చంపిండ్రు?"

నోరు పడిపోయింది నాకు. ఏడో తారీఖున వాటర్లూ బ్రిడ్జి దగ్గర బస్టాపులో నిలబడ్డవాడికి తొడలో చురుక్కుమంది. వెనక్కి చూస్తే ఒకడు కిందపడ్డ గొడుగు తీసుకుంటున్నాడు. ఆముదపు గింజలోంచి తీసే రైసిన్ విషం నింపిన చిన్న గుండు తొడలో దిగింది. పదకొండున పోయాడు. ఆ నెలాఖరులోనే డాలస్ గొడుగాయన వచ్చి 'నాది ఉత్త గొడుగు' అని చెప్పుకున్నాడు. బావ చూసే వీడియోల్లో వందకు ఒకటి నిజమవుతుంది, ఆ ఒక్కటీ నామీదే వాడతాడు.

పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. "ఎండల గొడుగు పడితె అనుమానమా? మరి మా దిక్కు ఊరంత జేలుకు పోవాలె."

కిటికీలోంచి చూశాం. ఏదో స్టేషన్. ప్లాట్‌ఫారం మీద పదిహేను గొడుగులు, అన్నీ నల్లవే. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఒక్క మబ్బు తునక లేదు. బావ కూడా నవ్వాడు, చాలాసేపు. తర్వాత పెద్దాయన నేతాజీ సంగతి ఎత్తాడు. 1956లో ఒక కమిటీ, 1974లో ఒక కమిషన్ విమాన ప్రమాదంలోనే పోయారన్నాయి, తర్వాత వచ్చిన ముఖర్జీ కమిషన్ కాదంది, దాన్ని ప్రభుత్వం ఒప్పుకోలేదు. "మా ఊళ్ళె పొలం గట్టు తగాదకు గూడ గిన్ని కమిటీలు వడలే" అంటూ ఆయన మూల్‌లో దిగిపోయాడు. పేరు అడగలేదు, ఇప్పటికీ బాధగా ఉంది.

సిందేవాహిలో తర్రీ పోహా తిన్నాం. అటుకుల మీద నల్లశనగల ఎర్రటి పులుసు పోస్తారు, పైన నూనె అద్దంలా తేలుతుంటుంది. మా అమ్మ అటుకులను నిమ్మకాయ పిండి పసుపుపచ్చగా చేసేది. ఆ రుచి నాలుక మీద ఉన్నవాడికి ఇది అటుకులకు జరిగిన అన్యాయంలా అనిపిస్తుంది. అయినా రెండో ప్లేటు చెప్పాను. లాడ్‌బోరీకి ఆటో, పోయి రావడానికి, ఆగినందుకు కలిపి ఆరు వందలు. ఆకాశం నుంచి ఊరికే పడ్డదాన్ని చూడటానికి!

చూడటానికి ఏముంది, ఖాళీ జాగా. మట్టి, ఎండిన గడ్డి, ఒక మేక. అవతల చెట్టు నీడన ఒక పెద్దమ్మ తునికాకు కట్టలు కడుతోంది. ఆకు మీద ఆకు పేర్చి, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి, నారతో రెండు చుట్లు తిప్పి పక్కన పడేస్తుంది. చూపు చేతుల మీద లేనే లేదు, మామీదే ఉంది. మా చిన్నప్పుడు ఏటూరునాగారం అత్తమ్మ అచ్చం అలాగే కట్టేది, మధ్యలో మా తల మీద ఒకటి వేసేది కూడా.

బావ మరాఠీలో అడిగాడు. ఆమె మూడు ముక్కల్లో జవాబు చెప్పింది. నాకు అర్థమైనవి లోఖండ్, భంగార్, వాఘ్. ఇనుము, పాత సామాను, పులి. బావ అనువాదం మాత్రం నాలుగు నిమిషాలు సాగింది. అందులో నీలం వెలుతురు, భూమి అదరడం, కుక్కలన్నీ ఒకే దిక్కుకు తిరిగి మొరగడం వచ్చాయి.

"ఇన్ని మాటలు ఆమె అన్నదా బావా?"

"భావం."

ఆటో డ్రైవర్‌కు హిందీ వచ్చు కాబట్టి అసలు సంగతి తెలిసింది. పెద్దచప్పుడైంది, ఇనుమని తెలిసింది, పాత సామాను కింద అమ్ముకుందామంటే పోలీసులు పట్టుకుపోయారు. పైనుంచి పడేది ఒక్కసారి పడింది, ఆకు కోయడానికి పోతే పులి మాత్రం రోజూ ఉంటుంది, దాని గురించి రాయమను ఈ టోపీ ఆయన్ని. టోపీ ఆయన నేనే. ఆ తాలూకాలో పులి చేతిలో మనుషులు పోవడం ఏటా వార్తల్లో వచ్చేదే.

బావ ముఖం చిన్నబోయింది. తిరుగు బండిలో రోస్వెల్ ఎత్తుకున్నాడు. 1947లో అమెరికా సైన్యమే ఎగిరే పళ్ళెం దొరికిందని ప్రకటించి, కొన్ని గంటల్లోనే వాతావరణ బెలూన్ అంది. అసలు అది రష్యా అణు పరీక్షల చప్పుడు కనిపెట్టే రహస్య మొగల్ బెలూన్ల తంతు అని 1994లో గానీ వాయుసేన చెప్పలేదు. "అబద్ధమాడింది నిజమే గద" అన్నాడు బావ. నిజమే. బెలూన్‌ను దాచబట్టే అది పళ్ళెమై కూర్చుంది. లాడ్‌బోరీలో ఎవరూ ఏదీ దాచలేదు. అందుకే కాబోలు అక్కడ చెప్పుకోవడానికి మేక తప్ప ఏమీ మిగల్లేదు.

ఈ గంభీరమైన ఆలోచనలో ఉండి గొడుగు బండిలోనే వదిలేశాను. నేను మర్చిపోయానని నేనన్నాను. మర్చిపోలేదు, తీసుకున్నారని బావ. అక్క ఇద్దరి మాటా వినకుండా మూడు వందల యాభై తీసుకుంది.

నిన్న బావ ఫోన్‌లో ఒక ఫోటో పంపాడు. సిందేవాహి ప్లాట్‌ఫారం మీద ఎవరిచేతో తీయించింది. బావ, నేను, నా చేతిలో అక్క గొడుగు. మా వెనక ముగ్గురు మనుషులు, ముగ్గురి చేతుల్లోనూ విప్పిన నల్ల గొడుగులు. ముగ్గురి చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టాడు.